ఉన్నదున్నట్లు చూపిన ఛాయాగ్రాహకుడు

తెరమీద ఒక రైతు పొలము దున్నుచుండును. ఎడ్లు మెల్లగా నడచుచుండును. మనము ఆ దృశ్యమును చూచి, ఇది నిజముగా జరిగినదే కదా అని తలంతుము. కాని ఆ రైతు నాగలి పట్టుటకు పూర్వము ఎవరో వచ్చి, "ఇచ్చట నిలువుము, అటు చూడుము, మరల ఒక చాలు దున్నుము" అని చెప్పియుండవచ్చును. అతనికి ఎదురుగా మూడుకాళ్ల స్తంభముపై బరువైన కెమేరా, దాని ప్రక్కన పదిమంది పనివారు నిలిచియుండవచ్చును. కల్పిత కథలను చూపు చిత్రములలో ఇది దోషము కాదు. అయితే నిజజీవితమును చూపుదుమని చెప్పుకొను డాక్యుమెంటరీ చిత్రములు సైతము చిరకాలము ఈ పద్ధతినే అనుసరించెను.

ఎవరికిని ఆజ్ఞ యీయక, ఎవరిని ఏమియు అడుగక, జరుగుచున్న దానిని జరుగుచున్నట్లే చిత్రించుట సాధ్యమా? ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనుటకై తన జీవితమును వినియోగించిన వారిలో రిచర్డు లీకాక్ ముఖ్యుడు. ఆయన ఛాయాగ్రాహకుడు, దర్శకుడు, భౌతికశాస్త్రము నభ్యసించినవాడు, గొప్ప ఉపాధ్యాయుడు.

లీకాక్ 1921వ సంవత్సరము జూలై 18వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆఫ్రికా ఖండమునకు వాయవ్యముగా అట్లాంటిక్ మహాసముద్రములో కెనరీ ద్వీపములు కలవు. అవి స్పెయిను దేశమునకు చెందినవి. అచ్చట లీకాక్ తండ్రికి అరటితోట యుండెను. బాలుని శైశవము ఆ తోటలోనే గడచెను. కొంత వయస్సు వచ్చిన పిదప అతనిని చదువునకై ఇంగ్లండునకు పంపిరి.

పాఠశాలలో ఒకనాడు పిల్లలకు "తుర్క్‌సిబ్" అను రష్యా దేశపు చిత్రమును చూపిరి. తుర్కిస్తానము నుండి సైబీరియా వరకు రైలుమార్గమును నిర్మించిన వృత్తాంతము అందలి విషయము. 1929లో వెలువడిన ఆ చిత్రము ఆ బాలుని మనస్సున నాటుకొనెను. ఎన్నడును చూడని దూరదేశమునకు తాను పోయి వచ్చినట్లే అతనికి తోచెను. ఇంగ్లండులోని అతని తోడి విద్యార్థులు అరటిపండ్లను తినుచుండిరి గాని అరటితోట నెరుగరు. చెట్టు ఎట్లుండునో, గెల ఎట్లు కోయుదురో, తోటలో పనిచేయు వారి దినచర్య ఎట్టిదో మాటలతో ఎంత చెప్పినను వారికి బోధపడలేదు. తనకు ఒక కెమేరా దొరకినచో వారిని ఆ తోటలోనికి కొనిపోవచ్చునని లీకాక్ తలంచెను.

1935లో, పదునాలుగేండ్ల వయస్సున, అతడు "కెనరీ బనానాస్" అను చిన్న చిత్రమును తీసెను. అందు మాటలు లేవు. తోటలో పనిచేయువారు, వారి చేతులు, గెలలు, ఎగుమతికై పండ్లను సిద్ధపరచు విధానము మాత్రమే కలవు. చూచువారికి తాము ఆ చోటనే ఉన్నట్లు తోచవలెనన్నది అతని కోరిక. అరువది సంవత్సరములు గడచినను ఆ కోరిక మారలేదు. మారినవన్నియు దానిని సాధించు ఉపాయములే.

అప్పుడతడు చదువుచుండిన డార్టింగ్‌టన్ హాల్ పాఠశాలలో రాబర్టు ఫ్లాహర్టీ అను సుప్రసిద్ధ దర్శకుని కుమార్తెలు కూడ చదువుచుండిరి. ఫ్లాహర్టీ 1922లో "నానూక్ ఆఫ్ ది నార్త్" అను చిత్రముతో ప్రపంచఖ్యాతి గడించినవాడు. ఆయన ఈ విద్యార్థి తీసిన అరటితోట చిత్రమును చూచి సంతోషించెను. పదేండ్లు గడచిన పిమ్మట ఆ సంతోషము లీకాక్ జీవితమును మలుపు త్రిప్పెను.

ఆ పాఠశాలలోని ఉపాధ్యాయులలో డేవిడ్ లాక్ అను పక్షిశాస్త్రజ్ఞుడొకడు. 1938-39 సంవత్సరములలో ఆయన గలపగోస్ ద్వీపములకు పోయి అచ్చటి ఫించ్ పిట్టలను పరిశీలించెను. ఆ పిట్టల ముక్కులలోని భేదములు జీవపరిణామమును తెలిసికొనుటకు ఎంతయో తోడ్పడినవి. లాక్ బృందముతో ఛాయాగ్రాహకుడుగా పోయిన లీకాక్‌నకు అప్పటికి పదునేడేండ్లు. పక్షిని పరిశీలించువాడు పక్షికి ఆజ్ఞ యీయలేడు. "మరల ఒకసారి ఎగురుము" అని అడుగలేడు. కదలక మెదలక, అలికిడి చేయక వేచియుండవలెను. లీకాక్ తరువాతి కాలమున మనుష్యులను చిత్రించిన తీరును గమనించినచో ఈ పాఠమును ఆయన మరువలేదనియే తోచును.

పిదప ఆయన అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించెను. చిత్రములు తీయదలచినవానికి భౌతికశాస్త్రమేల అని మీకు సందేహము కలుగవచ్చును. కెమేరా ఒక యంత్రము. కటకము, వెలుతురు, ధ్వని - ఇవన్నియు భౌతికశాస్త్ర నియమములకు లోబడినవే. తన పనిముట్టును గూర్చి తెలియనివాడు దానికి దాసుడగును. తెలిసినవాడు దానిని తన అవసరమునకు తగినట్లు మార్చుకొనగలడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లీకాక్ అమెరికా సైన్యమున ఛాయాగ్రాహకుడుగా బర్మా, చైనా దేశములలో పనిచేసెను.

యుద్ధము ముగిసిన పిమ్మట 1946లో ఫ్లాహర్టీ ఆయనను పిలిపించి "లూసియానా స్టోరీ" అను తన చిత్రమునకు ఛాయాగ్రాహకునిగా నియమించెను. లూసియానా రాష్ట్రమందలి చిత్తడి నేలలలో నివసించు ఒక బాలుని గూర్చియు, అచ్చట చమురుబావి త్రవ్వుటను గూర్చియు తెలుపు చిత్రమది. 1948లో వెలువడెను. ఫ్లాహర్టీ వద్ద లీకాక్ ఓర్పుతో చూచుట నేర్చుకొనెను. ఒక సాలెగూటిపై మంచుబిందువు మెరయుటను చిత్రించుటకై గంటల కొలది వేచియున్నను ఆ గురువునకు విసుగు లేదు.

అయితే గురువు పద్ధతిలో ఒక చిక్కు కలదు. ఫ్లాహర్టీ తన చిత్రములలో అనేక దృశ్యములను ఏర్పాటు చేసి తీసెను. నానూక్ చిత్రమున మంచు ఇంటిలోపలి దృశ్యమునకు వెలుతురు చాలకపోగా, ఒక ప్రక్క తెరచియున్న పెద్ద మంచు ఇంటిని కట్టించెను. అప్పటికే తుపాకులు వాడుచున్న వారిచేత పూర్వకాలపు బల్లెములతో వేటాడించెను. నాటి బరువైన కెమేరాలతో వేరొక దారి లేదని కొంతవరకు సమర్థింపవచ్చును. కాని "లూసియానా స్టోరీ" తీయుచున్నపుడు లీకాక్ మరియొక సంగతి గ్రహించెను. చిన్న కెమేరాతో మాటలు లేని దృశ్యములను తీయునపుడు ఆయన స్వేచ్ఛగా తిరుగగలుగుచుండెను. మాటలను కూడ పట్టవలసి వచ్చినంతనే పెద్ద యంత్రములు వచ్చి చేరుచుండెను. వాటితో పాటు తీగెలు, పనివారు. ఇక కదలుటకు వీలులేదు. జీవము అంతయు అచ్చటనే గడ్డకట్టుచుండెను.

ఈ చిక్కు ఎట్టిదో కొంచెము వివరముగా తెలిసికొందము. చలనచిత్రపు కెమేరా క్షణమునకు 24 చిత్రముల చొప్పున తీయును. ధ్వనిని వేరొక యంత్రము టేపుపై నమోదు చేయును. రెండు యంత్రములును సరిగా ఒకే వేగముతో నడువవలెను. ధ్వనియంత్రము నూటికి ఒకపాలు వెనుకబడిన దనుకొనుడు. ఒక నిమిషము గడచునప్పటికి అరక్షణమునకు పైగా తేడా వచ్చును. పెదవులు కదలి ఆగిన పిదప మాట వినబడును. దీనిని నివారించుటకు రెండు యంత్రములను ఒక తీగెతో కలిపెడివారు. అపుడు కెమేరా పట్టినవాడును, ధ్వని పట్టినవాడును ఒకే త్రాటికి కట్టిన రెండు ఎడ్లవలె నడువవలసి యుండెను.

1954లో లీకాక్ "టోబీ అండ్ ది టాల్ కార్న్" అను చిత్రమును తీసెను. ఊరూర గుడారము వేసికొని నాటకములాడు ఒక బృందమును గూర్చిన చిత్రమది. దానిని టెలివిజనులో చూచినవారిలో రాబర్టు డ్రూ ఒకడు. ఆయన "లైఫ్" పత్రికకు చెందిన విలేఖరి. ఆ పత్రికలో అచ్చగు నిశ్చల చిత్రములందలి సహజత్వమును చలనచిత్రములలోనికి తెచ్చుట ఎట్లని ఆయన ఆలోచించుచుండెను. ఇరువురి లక్ష్యమును ఒకటియే యని తెలియుటకు ఆలస్యము కాలేదు. డి. ఎ. పెన్నెబేకర్, ఆల్బర్టు మేజెల్స్ మొదలగు వారును వారితో చేరిరి. బరువైన కెమేరాలను విప్పి, తేలికయగునట్లు మార్చి, భుజముపై పెట్టుకొని నడువదగినట్లు చేసిరి.

ఈ బృందము కొన్ని నియమములను పెట్టుకొనెను. కెమేరాకు స్తంభముండదు. ప్రత్యేకముగా దీపములు వెలిగింపరు. ఎవరిని ప్రశ్నలడుగరు. జరిగిపోయిన పనిని మరల చేయుమని కోరరు. ఒక దృశ్యము తప్పిపోయినచో తప్పిపోయినట్లే. ఈ కడపటి నియమము వినుటకు తేలిక, పాటించుటకు కష్టము. కన్నులెదుట అద్భుతమైన సంఘటన జరిగి, కెమేరా అపుడు వేరొక ప్రక్కకు తిరిగియున్నచో, నోరు మూసికొని ఊరకుండుటకు ఎంతో నిగ్రహము కావలెను.

1960లో అమెరికా అధ్యక్షపదవికి డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిగా నిలుచుటకు జాన్ కెన్నెడీ, హ్యూబర్ట్ హంఫ్రీ అను ఇరువురు విస్కాన్సిన్ రాష్ట్రమున పోటీపడిరి. డ్రూ బృందమువారు వారి వెంట తిరిగి "ప్రైమరీ" అను చిత్రమును తీసిరి. అంతకు పూర్వము రాజకీయనాయకులను తెరపై చూచినవారు వారి ఉపన్యాసములనే వినియుండిరి. ఈ చిత్రములో ఉపన్యాసమునకు ముందును, వెనుకను జరుగునది కూడ కనబడెను. కారులో పోవుచు కునుకుపాట్లు పడుచున్న హంఫ్రీని చూచితిమి. వేదికపై మాటలాడుచున్న కెన్నెడీ భార్య తన వీపువెనుక చేతివ్రేళ్లను ఆందోళనతో కదలించుటను చూచితిమి. ఫలితములు వెలువడు రాత్రి కెన్నెడీ ఉన్న హోటలు గదిలో లీకాక్ ఒక మూల కుర్చీలో చిన్న కెమేరాతో మెదలక కూర్చుండెను. కొంతసేపటికి గదిలోనివారు ఆయన ఉనికినే మరచిపోయిరి. కాబోవు అధ్యక్షుడు గెలుపోటముల నడుమ వేచియున్న గడియలను లోకము మొదటిసారిగా చూడగలిగెను. 1990లో అమెరికా దేశము తన జాతీయ చిత్రసంపదలో భద్రపరుపదగిన వానిలో ఈ చిత్రమును చేర్చినది.

ఆనాటికి పరికరములు ఇంకను పరిపూర్ణము కాలేదు. కెమేరాను ధ్వనియంత్రమును కలుపు తీగె ఒక్కొక్కప్పుడు తెగిపోవుటయు కలదు. ఆ సంవత్సరముననే అమెరికాలో ఒక క్రొత్తరకము చేతిగడియారము అమ్మకమునకు వచ్చెను. దానిలో క్షణమునకు 360 సారులు కంపించు చిన్న శ్రుతిదండము కాలమును కొలుచును. డ్రూ బృందమువారు ఆ సాధనమునే తమ పనికి వాడుకొనిరి. కెమేరాకు ఒకటి, ధ్వనియంత్రమునకు ఒకటి అమర్చగా, రెండు యంత్రములును ఏ తీగెయు లేకయే ఒకే వేగముతో నడచెను. కెమేరా పట్టినవాడు గదిలో ఒక మూలను, ధ్వని పట్టినవాడు వేరొక మూలను ఉండవచ్చును. భౌతికశాస్త్రము ఈ విధముగా కళకు కట్లు విప్పెను.

1962లో లీకాక్, గ్రెగరీ షూకర్ అను సహచరునితో కలిసి భారతదేశమునకు వచ్చెను. మన ప్రథమ ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ వెంట తిరిగి, ఆయన నిత్యకృత్యములను ఈ పద్ధతిలోనే చిత్రించెను. ఆ చిత్రము పేరు "నెహ్రూ".

ఉన్నదున్నట్లు చూపుట ఒక్కొక్కప్పుడు కొందరికి రుచింపదు. దీనికి 1963లో జరిగిన ఒక ఉదంతము నిదర్శనము. ఆ సంవత్సరము సెప్టెంబరు మాసమున దక్షిణ డకోటా రాష్ట్రమందలి అబర్డీన్ అను పట్టణములో ఒక తల్లికి ఒకే కాన్పున అయిదుగురు శిశువులు జన్మించిరి. అమెరికాలో అట్లు పుట్టి, అయిదుగురును బ్రతికి బట్టకట్టుట అదియే మొదలు. ఆ దంపతులకు అంతకు ముందే అయిదుగురు బిడ్డలు కలరు. దేశమంతట పత్రికలవారు వచ్చి వాలిరి. కానుకలు కుప్పలు పడినవి. పట్టణమందలి వర్తకులు సభ చేసి, ఈ శిశువుల వలన తమ ఊరికి ఎందరు యాత్రికులు వత్తురా యని లెక్కలు వేసికొనిరి. తల్లి గౌరవార్థము విందు జరిగెను, ఊరేగింపు జరిగెను.

లీకాక్, జాయిస్ చోప్రా అను సహదర్శకురాలితో కలిసి ఇదంతయు చిత్రించెను. ఆయన కెమేరా కేవలము కోలాహలమునే చూడలేదు. ఆ కోలాహలము నడుమ నిలిచిన తల్లి ముఖమును చూచెను. అందరును ఆమెను పొగడుచున్నారు. ఆమె మాత్రము మర్యాదతో మౌనముగా కూర్చున్నది. తన యింటిని, తన బిడ్డలను ఊరందరును పంచుకొనుచున్నారను సంకోచము ఆ ముఖమున లీలగా కానవచ్చును. వ్యాఖ్యాత ఆ మాట చెప్పనక్కరలేదు. చూచువారే గ్రహింతురు. "హ్యాపీ మదర్స్ డే" అని దానికి పేరు.

టెలివిజను సంస్థకు ఇది నచ్చలేదు. పసిపిల్లల ఆహారమును తయారుచేయు ఒక సంస్థ ఆ ప్రసారమునకు ధనమిచ్చుచుండెను. టెలివిజనువారు ఆ దృశ్యములతో వేరుగా కూర్పు చేయించి, శుభవార్తవలె సాగు మరియొక చిత్రమును ప్రసారము చేసిరి. లీకాక్ తన కూర్పును వేరుగా నిలుపుకొనెను. నేటికిని విద్యార్థులు శ్రద్ధతో చూచునది ఆయన కూర్పునే.

ఇచ్చట మనము ఆలోచింపవలసినది ఒకటి కలదు. రెండు చిత్రములకును మూలము ఒక్కటియే. ఊరు ఒక్కటే, తల్లి ఒక్కతెయే. ఏ ముక్కను ఉంచవలెను, దేనిని తీసివేయవలెనన్న నిర్ణయమే వానిని వేరుచేసినది. కావున కెమేరా అబద్ధము చెప్పదనుట సరికాదు. ఆజ్ఞ యీయక చిత్రించినంత మాత్రమున బాధ్యత తీరిపోదు. కెమేరాను ఎటు త్రిప్పవలెనో నిర్ణయించువాడు మనుష్యుడే. కూర్పువేళ కత్తెర పట్టువాడును మనుష్యుడే. కెమేరా ఎదుట జనులు తమ సహజరీతి విడుతురన్న ఆక్షేపణయు కలదు. ఇది కొంతవరకు నిజమే. అందుచేతనే లీకాక్ పరికరములను చిన్నవిగను, మనుష్యులను తక్కువగను, ఓర్పును ఎక్కువగను ఉంచుకొనవలెనని పట్టుపట్టెను.

1969లో ఆయన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి, ఎడ్ పింకస్‌తో కలిసి చలనచిత్ర శాఖను నడపెను. 1988 వరకు అచ్చటనే బోధించెను. ఆ రోజులలో ఫిల్ము ఖరీదు హెచ్చు. ధనవంతులకును, పెద్ద సంస్థలకును తప్ప చిత్రము తీయుట అలవి కాకుండెను. ఆ కష్టమును తొలగించుటకై ఆయన సూపర్ 8 అను చిన్న ఫిల్ముతో ధ్వని కలిపి తీయదగిన పరికరములను రూపొందించుటకు విశేష కృషి చేసెను. అంతలో వీడియో వచ్చి ఆ పరికరములను వెనుకకు నెట్టెను. మరియొకరైనచో చిన్నబుచ్చుకొందురు. లీకాక్ మాత్రము ఆనందముతో చిన్న వీడియో కెమేరాను చేతబట్టెను. పరికరముపై ఆయనకు మమకారము లేదు, చూచుటపైననే మమకారము.

1989లో ఆయన పారిస్ నగరమునకు తరలిపోయెను. వలెరీ లలోండ్ అను సహచరితో కలిసి చిన్న వీడియో కెమేరాతో ఫ్రాన్సు దేశపు జనజీవితమును చిత్రించెను. ఆ చిత్రము 1991లో వెలువడెను. అపుడాయనకు సుమారు డెబ్బదియేండ్లు. 2011వ సంవత్సరము మార్చి 23వ తేదీన, ఎనుబది తొమ్మిదేండ్ల వయస్సున, పారిస్ నగరముననే ఆయన కన్నుమూసెను.

లీకాక్ కోరిన చిన్న పరికరము నేడు కోట్లాది జనుల చేతులలో ఉన్నది. మన ఫోనులు చిత్రమును ధ్వనిని ఒక్కసారిగా పట్టగలవు. ఆయన ఏండ్ల తరబడి పెనగిన తీగెలు, బరువులు మనకు లేవు. కాని ఫోను తీయగానే మనమేమి చేయుచున్నాము? "ఇటు చూడుము, నవ్వుము, మరల ఒకసారి" అని ఆజ్ఞ యిచ్చుచున్నాము. పరికరము మారినది గాని పాత అలవాటు మారలేదు.

బాలలారా! మీ ఊరిలో కుమ్మరి సారె త్రిప్పుచుండవచ్చును. నేతగాడు మగ్గముపై కూర్చుండి యుండవచ్చును. మీ అవ్వ వాకిట పప్పు చెరుగుచుండవచ్చును. ఒకనాడు వారి అనుమతి తీసికొని, ఒక ప్రక్కన కూర్చుండుడు. ఏమియు అడుగకుడు. వారి చేతులను చూడుడు. మొదటి అయిదు నిమిషములు వారు మీవైపు చూతురు. పిదప మిమ్ము మరచి తమ పనిలో మునుగుదురు. అపుడు మీకు కనబడునది అంతకు ముందెన్నడును మీరు చూడనిది కావచ్చును. అరటితోటను తన మిత్రులకు చూపగోరిన పదునాలుగేండ్ల బాలుడు ఆ చూపుతోనే తన పనిని మొదలుపెట్టెను.